టీం ఓనర్‌ది సరే.. స్టేడియం పైసలు ఎవలియి?

2024 ఏప్రిల్ 17 రాత్రి అమెరికాల అరిజోనా రాష్ట్రం టెంపే పట్నంల ఒక ఐస్ హాకీ మ్యాచ్ జరిగింది. అరిజోనా కయోటీస్ టీం 5-2 తోటి ఎడ్మంటన్ ఆయిలర్స్‌ను ఓడగొట్టింది. మ్యాచ్ అయిపోయినా జనం కుర్సీలల్లకెళ్లి లేవలే. ఎందుకంటే అది ఆ గడ్డ మీద ఆ టీం ఆఖరి ఆట. తెల్లారి 18 నాడు లీగ్ పెద్దలు ఓటేసి ఆటగాళ్లను, కోచ్‌లను అందరినీ యూటా రాష్ట్రంల సాల్ట్ లేక్ సిటీకి పంపుడు ఖరారు చేసిన్రు. బేరం ధర 120 కోట్ల డాలర్లు. మన లెక్కల సుమారు పది వేల కోట్ల రూపాయలు.

ఏడనో ఏడు సముద్రాల అవతల, మనం ఆడని ఆట, మనం చూడని టీం. దాని ముచ్చట మనకెందుకు అని అడగొచ్చు. అడగాల్సిందే. నేను చెప్పేది సాంతం చదివితే ఈ ముచ్చట గచ్చిబౌలి స్టేడియం దాకా వస్తది. ఆ స్టేడియంల మీ పైసలు, నా పైసలు ఉన్నయి.

ముందుగాల ఆట సంగతి. ఐస్ హాకీ అంటే మన హాకీ కాదు. మంచు గడ్డ మీద స్కేట్స్ కట్టుకొని, బంతి కాకుండా పక్ అనే గట్టి రబ్బరు బిళ్లను కర్రతోటి కొడుతరు. అమెరికా, కెనడాల దీనికి ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద లీగ్ ఉన్నది. అండ్ల 32 టీంలు. మన ఐపీఎల్ లెక్కనే ప్రతి టీంకు ఒక ఊరు, ఒక ఓనర్. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఓనర్‌కు ఇష్టం లేకపోతే టీంను మూట గట్టుకొని ఇంకో ఊరికి పోవచ్చా?

ఇయ్యాల ఏడ్చిన ఊరు నిన్న నవ్విన ఊరే

అరిజోనాకు కూడా ఈ టీం సొంతంగ పుట్టింది కాదు. ఇది కెనడాల విన్నిపెగ్ అనే పట్నం టీం. అప్పుడు దాని పేరు విన్నిపెగ్ జెట్స్. 1990లల్ల కెనడా డాలర్ విలువ పడిపోయింది. టికెట్లు అమ్మితే వచ్చేది కెనడా డాలర్లు, ఆటగాళ్లకు జీతం ఇయ్యాల్సింది అమెరికా డాలర్లు. పైగా అరేనా పాతది. నష్టం పెరిగింది. 1995ల ఊరు ఊరంత రోడ్డు మీదికి వచ్చింది. చిన్న పిల్లలు ముంతలు పగలగొట్టి చిల్లర పైసలు తెచ్చిచ్చిన్రు. ఒక్క ఏడాది ఆగింది. 1996ల టీం ఎడారి నగరం ఫీనిక్స్‌కు పోయింది.

విన్నిపెగ్ పదిహేనేండ్లు ఎదురు చూసింది. 2011ల దానికి మళ్ల టీం వచ్చింది. ఎట్లా? అట్లాంటా నగరం టీంను అట్లాంటా నుంచి తెచ్చిన్రు. అంటే విన్నిపెగ్ నవ్విన నాడు అట్లాంటా ఏడ్చింది. అట్లాంటాకు ఇది రెండోసారి, 1980ల వాళ్ల మొదటి టీం కెనడాల కాల్గరీకి పోయింది.

సాల్ట్ లేక్ సిటీల ఉన్న బాస్కెట్‌బాల్ టీం పేరు యూటా జాజ్. జాజ్ అంటే న్యూ ఆర్లీన్స్ నగరం సంగీతం. 1979ల టీం అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది, పేరు అట్లనే ఉండిపోయింది. మనోళ్లు టీ షర్టుల మీద వేసుకునే లేకర్స్ కూడా అంతే. ఆ పేరు చెరువులు, సరస్సులు మస్తుగున్న మిన్నెసోటా రాష్ట్రానిది. టీం 1960ల లాస్ ఏంజెల్స్‌కు పోయింది. పేరు చూస్తే ఎవరి ఇల్లు ఖాళీ చేసి వచ్చిన్రో తెలుస్తది.

కాబట్టి ఇండ్ల ఒక ఊరు మంచిది, ఇంకో ఊరు చెడ్డది అనేది లేదు. అన్ని ఊర్లు ఒక వరుసల నిలబడి ఉన్నయి. ఆ వరుసను నడిపేది వేరేటోళ్లు.

గ్లెండేల్ కట్టిన కిస్తీలు

ఫీనిక్స్‌ల టీంకు మొదట దొరికిన అరేనా బాస్కెట్‌బాల్ కోసం కట్టింది. హాకీ మైదానం పొడుగు ఎక్కువ. అందుకని ఒక దిక్కు కూసున్నోళ్లకు గోల్ సక్కగ కనపడకపోతుండె. అటువంటి సీట్లకు టికెట్ ఎంతకని అమ్ముతరు?

అప్పుడు గ్లెండేల్ అనే పక్క పట్నం ముందుకొచ్చింది. సుమారు రెండున్నర లక్షల జనాభా. పెద్ద నగరం నీడల పెరిగే ఇటువంటి పట్నాలకు మాక్కూడా ఒక పేరు కావాలె అనే ఆశ ఉంటది. అరేనా కోసం సుమారు 18 కోట్ల డాలర్లు పెట్టింది. అదంత అప్పు. 2003 డిసెంబర్‌ల టీం అందుల ఆడుడు మొదలుపెట్టింది. కాని హాకీ టికెట్లు ఎక్కువ కొనే కుటుంబాలు ఉండేది తూర్పు దిక్కు స్కాట్స్‌డేల్ వైపు. అరేనా పడమర దిక్కు. పని దినం సాయంత్రం ట్రాఫిక్‌ల అంత దూరం ఎవరు పోతరు?

2009 మేల ఓనర్ దివాలా దరఖాస్తు పెట్టిండు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ పెద్దమనిషి జిమ్ బాల్సిలీ టీంను కొని కెనడాల హామిల్టన్‌కు తీసుకపోతనన్నడు. ఎన్‌హెచ్ఎల్ ఒప్పుకోలే. కోర్టుల కొట్లాడింది. జడ్జి బాల్సిలీ బేరాన్ని తిప్పికొట్టిండు. ఆఖరికి లీగే 14 కోట్ల డాలర్లకు టీంను కొని తానే నడిపింది. ఈ సంగతి యాదికి పెట్టుకోండ్రి, మళ్ల దీని దగ్గరికి వస్త.

లీగ్ టీంను నడిపింది గాని నష్టం ఎవరు భరించిన్రు? గ్లెండేల్ పట్నం. ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల లెక్కన రెండేండ్లు లీగ్‌కు కట్టింది. అదీ ఆర్థిక మాంద్యం దినాలల్ల. సిబ్బందిని తగ్గించుకున్నది, అమ్మకపు పన్ను పెంచింది. 2013ల కొత్త ఓనర్లు వచ్చిన్రు. అరేనా నిర్వహణ పేరు మీద ఏడాదికి 1.5 కోట్ల డాలర్లు, పదిహేనేండ్లు ఇయ్యమన్నరు. కౌన్సిల్‌ల ఓటింగ్ 4-3. ఒక్క ఓటు తోటి ఒప్పుకున్నరు. రెండేండ్లకే, 2015ల, కౌన్సిల్ ఆ ఒప్పందం రద్దు చేసింది. 2021ల ఇగ మీతోని కాదు, వచ్చే సీజన్ తర్వాత ఖాళీ చేయిండ్రి అన్నది. అదే ఏడాది డిసెంబర్‌ల బాకీలు కట్టకపోతే తాళం వేస్తమని కూడా చెప్పింది. అప్పుడు కట్టిన్రు.

ఇండ్ల ఒక్క సంగతి గమనించాలె. ఓనర్లు మారిన్రు. ఒకరు దివాలా అన్నరు, ఇంకొకరు అమ్ముకున్నరు, మరొకరు కొన్నరు. మారనిది ఒక్కటే. అప్పు కట్టే పట్నం. ఓనర్‌కు దిగిపోయే తొవ్వ ఉన్నది. పట్నం ఏడికి పోతది?

టెంపే జనం చెప్పిన జవాబు

గ్లెండేల్ ఎల్లగొట్టినంక టీం టెంపే పట్నంల అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అరేనాకు చేరింది. మన పిల్లలు ఎంఎస్ కోసం పోయే యూనివర్సిటీ అదే. పక్కనే చాండ్లర్‌ల ఇంటెల్ ఫ్యాక్టరీలు, చుట్టూ తెలుగు కుటుంబాలు చానా ఉంటరు. ఆ కాలేజీ అరేనాల పట్టేది సుమారు 4,600 మంది. ఎన్‌హెచ్ఎల్‌ల మామూలు అరేనాకు 15 వేల నుంచి 20 వేల మంది పడుతరు. ప్రపంచంలనే పెద్ద లీగ్ టీం రెండేండ్లు కాలేజీ పిల్లల అరేనాల ఆడింది.

ఓనర్ అలెక్స్ మెరువెలో టెంపేల పాత చెత్త డంపింగ్ జాగల 210 కోట్ల డాలర్ల ప్లాన్ పెట్టిండు. అరేనా, హోటళ్లు, దుకాణాలు, ఇండ్లు. కట్టేది ప్రైవేటు పైసలతోటే అన్నరు. కాని పన్నుల మినహాయింపులు అడిగిన్రు. విమానాల తొవ్వ కింద ఇండ్లు కడుతున్నరని ఎయిర్‌పోర్టోళ్లు అభ్యంతరం పెట్టిన్రు. 2023 మే 16 నాడు టెంపేల ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మూడు ప్రతిపాదనలు. మూడింటినీ జనం ఓడగొట్టిన్రు. దాదాపు 56 శాతం వద్దన్నరు.

దీన్ని చానామంది విమర్శించిన్రు. చెత్త కుప్ప మీద బంగారం పండిస్తనంటే కూడా వద్దన్న మూర్ఖులు అన్నరు. నేనట్ల అనుకోను. టెంపే జనం ముంగట గ్లెండేల్ ఉదాహరణ ఉన్నది. పక్కింటోడు చిట్టీల మునిగింది చూసినోడు అదే చిట్టీకి సంతకం పెట్టమంటే జంకడా? అభిమానుల దుఃఖం నిజం, ఓటర్ల భయం కూడా నిజం. రెండూ నిజమే అయినప్పుడు తప్పు ఆ రెండింటిల ఉండదు, బేరం పెట్టిన తీరుల ఉంటది.

ఆ ఓటు అయినంక ఏడాదిల టీం అమ్ముడుపోయింది. బేరంల సుమారు 100 కోట్ల డాలర్లు మెరువెలోకు. 20 కోట్లు మిగతా టీంల ఓనర్లకు, ఊరు మారిన ఫీజు కింద. గ్లెండేల్‌కు సున్నా, టెంపేకు సున్నా. పిల్లలను చలిల పొద్దుగాల లేపి ప్రాక్టీసుకు తీసుకపోయిన తల్లిదండ్రులకు సున్నా.

రికార్డుల సంగతి ఇంకా విచిత్రం. యూటా టీంను కొత్త టీం అన్నరు, పాత చరిత్ర దానికి అంటదన్నరు. పాత పేరు, పాత చరిత్ర మెరువెలో దగ్గర ఉంటయి, ఐదేండ్లల్ల అరేనా కడితే మళ్ల టీం ఇస్తమన్నరు. ఫీనిక్స్ ఉత్తరాన రాష్ట్ర సర్కారు భూమి వేలం రద్దయినంక 2024 జూన్‌ల ఆయన ఆ హక్కు కూడా ఇడిచిపెట్టిండు. గెలిచినయి, ఓడినయి, గోల్స్, పేర్లు, 1996 నుంచి నడిచిన కథంత ఇటు కాకుంట అటు కాకుంట లీగ్ బీరువాల పడ్డది.

యూటాల ఏమైంది? 2025ల టీంకు యూటా మామత్ అని పేరు పెట్టిన్రు. జనం సంబురంగ వస్తున్నరు. మంచిదే. కాని ఆడ గూడ టీం వెంబడి పన్ను వచ్చింది. సాల్ట్ లేక్ సిటీల అమ్మకపు పన్ను అర శాతం పెంచిన్రు. అరేనా, దాని చుట్టూ పనులకు 90 కోట్ల డాలర్ల దాకా ఇచ్చేటందుకు. బట్టలు కొనే ముసలవ్వ కూడా ఆ టీంకు పెట్టుబడి పెడుతున్నది. ఆమె పేరు మీద ఒక్క షేరు లేదు.

ఎడారిల మంచు ఆటనా?

టీం పోయినప్పుడల్లా ఒక మాట వినిపిస్తది. ఎడారిల ఐస్ హాకీ ఎట్లా నడుస్తది, ఆ ఊరోళ్లకు ఆట మీద ప్రేమ లేదు అని. ఇది ఊరి మీద నింద మోపుడే.

లాస్ వేగాస్ కూడా ఎడారే. ఆడ 2017ల హాకీ టీం మొదలైంది, 2023ల లీగ్ కప్ గెలిచింది. ఎండలు మండే టెక్సాస్‌ల డల్లాస్ టీం 1993 నుంచి నడుస్తున్నది, 1999ల కప్ కొట్టింది. ఇగ అరిజోనా సంగతే చూద్దాం. స్కాట్స్‌డేల్‌ల పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ చిన్నప్పుడు కయోటీస్ మ్యాచ్‌లు చూసే హాకీ పట్టిండు. 2016ల లీగ్ డ్రాఫ్ట్‌ల మొట్టమొదటి ఆటగాడిగ ఎంపికైండు. ఎడారిల టీం లేకపోతే ఆ పిల్లగాడు ఏ ఆట ఆడుతుండెనో! ఇరవై ఏండ్లు టీం ఉంటే ఊర్ల ఏం మొలుస్తదో చెప్పెటందుకు ఆయన ఒక్కడు చాలు.

కాబట్టి ఓడింది హాకీ కాదు. స్టేడియం ఏడ కట్టాలె, ఎవరి పైసలతోటి కట్టాలె అనే లెక్క ఓడింది.

నిజం మాట్లాడాలంటే, 2024 నాటికి ఆ టీం పోవుడే నయం. నాలుగున్నర వేల మంది పట్టే అరేనాల, రేపు ఏడ ఆడతమో తెల్వకుంట ఆటగాళ్లను నిలబెట్టుడు అన్యాయం. యూటాల అరేనా ఉన్నది, కొనెటోడు ఉన్నడు. కాని పోయే పరిస్థితి తెచ్చినోడు వంద కోట్ల డాలర్లు తీసుకొని పోవుడు, కిస్తీలు కట్టిన ఊరు ఉత్త చేతులతోటి నిలబడుడు, ఇది మాత్రం న్యాయం కాదు. పోవాల్నా ఉండాల్నా అనే దానికన్న పెద్ద ప్రశ్న ఇది: పోయెటప్పుడు ఏం ఇచ్చి పోవాలె?

"నా ఆస్తి, నా ఇష్టం"

ఇండ్ల అందరికన్న ఎక్కువ వినిపించే వాదం ఇదే. పైసలు పెట్టి కొన్నడు, ఆయన ఇష్టం, దుకాణం మూసి ఇంకో ఊర్ల పెట్టుకుంటే మనం ఆపుతమా?

2009 సంగతి యాదికి పెట్టుకోమన్న గదా. అప్పుడు ఓనర్ అమ్ముతనన్నడు, కొనెటోడు కొంటనన్నడు. ఇద్దరికీ ఇష్టమే. అయినా లీగ్ కాదన్నది, లీగ్ మాటే నిలిచింది. అంటే టీం ఏడ ఆడాలె అనేది ఒక్క ఓనర్ ఇష్టం కాదని లీగే కోర్టుల నిరూపించింది. తోటి ఓనర్లకు వద్దనే హక్కు ఉన్నప్పుడు అరేనా కట్టిన ఊరికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటిదాకా ఎవరూ సక్కటి జవాబు చెప్పలే.

దుకాణం పోలిక కూడా కుదరదు. దుకాణం మూస్తే పక్కన ఇంకోడు పెడతడు. లీగ్‌ల అట్ల కాదు. 32 అంటే 32 టీంలే. ఊర్లు ఎక్కువ, టీంలు తక్కువ. ఎప్పటికీ ఒకటి రెండు ఊర్లు ఆకలితోటి బయట నిలబడి ఉండాలె. అవి ఉంటేనే ఓనర్ లోపలున్న ఊరిని బెదిరించగలుగుతడు: "కొత్త అరేనా కడతవా, ఆ ఊరికి పోవాల్నా?"

ఈ మాట మనకు కొత్తనా? ఫ్యాక్టరీ పెడతం, అగ్గువకు భూమి ఇయ్యిండ్రి, కరెంటు ఇయ్యిండ్రి, పన్ను మాఫీ చేయిండ్రి, లేకపోతే పక్క రాష్ట్రానికి పోతం. తెలంగాణను ఆంధ్రతోటి, ఆంధ్రను కర్ణాటకతోటి పోటీకి పెడతరు. ఊర్లు ఊర్లు కొట్లాడుకున్నంతసేపు ధర పెంచుకునేది బేరగాడే. ఆట అయినా, ఫ్యాక్టరీ అయినా కిటుకు ఒక్కటే.

ఇగ మన గచ్చిబౌలికి వద్దాం

హైదరాబాద్ ఎఫ్‌సీ యాదికి ఉన్నదా? 2019ల పుణె టీం మూతపడితే దాని జాగల మనకు వచ్చింది. పుణె అభిమానుల కన్నీళ్ల మీద మన పండుగ మొదలైందన్నట్టు. 2022 మార్చి 20 నాడు గోవాల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల ఓడగొట్టి ఇండియన్ సూపర్ లీగ్ కప్ కొట్టింది. కరోనా వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్ని గోవాలనే. మన టీం గెలిచిన సీజన్‌ల మన ఊర్ల ఒక్క మ్యాచ్ జరగలే.

ఆ తర్వాత పైసల కష్టం. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే పోయిన్రు, 2023-24 సీజన్‌ల టీం అట్టడుగున నిలిచింది. 2024ల జిందాల్ గ్రూప్ కొన్నది. 2025ల టీం ఢిల్లీకి పోయింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ ఢిల్లీకి అంతకుముందు ఒక టీం ఉండె, ఢిల్లీ డైనమోస్. అది 2019ల భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీ టీం ఒడిశాకు, మన టీం ఢిల్లీకి, పుణె టీం జాగ మనకు. విన్నిపెగ్, అట్లాంటా కథకు దీనికి ఫరకు ఏమున్నది?

ఇక్కడ గూడ అదే నింద వినిపించింది, హైదరాబాద్‌ల ఫుట్‌బాల్ నడవదని. భారత ఫుట్‌బాల్‌కు 1956 ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌ల బంగారం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఏ ఊరోడు? హైదరాబాదీ. ఆయన మీద 2024ల 'మైదాన్' సినిమా కూడా వచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచింది. నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య ఇయ్యాల దేశం జెర్సీ వేసుకొని ఆడుతున్నది. ఆట ఈ మట్టిల ఉన్నది. లేనిది దాన్ని నిలబెట్టే పద్ధతి.

హాకీ సంగతి కూడా చూద్దాం. హాకీ ఇండియా లీగ్‌ల హైదరాబాద్ తూఫాన్స్ అని టీం ఉన్నది. 2025 ఫిబ్రవరి 1 నాడు ఫైనల్ దాకా పోయి బెంగాల్ టైగర్స్ చేతిల 3-4 తోటి ఓడింది. ఆ సీజన్‌ల మగోళ్ల మ్యాచ్‌లు ఎక్కువగ ఒడిశా రూర్కెలాల జరిగినయి. పేరుల హైదరాబాద్ ఉన్నది, హైదరాబాద్‌ల మ్యాచ్ లేదు. అరిజోనా నుంచి టీం పోయింది, ఇక్కడైతే రాకుంటనే మన పేరు వాడుకున్నది. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ పుట్టిన నగరం ఇది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఒలింపిక్స్ దాకా పోయిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని తెలుగు బిడ్డ. అటువంటి పిల్లలు ఇంకా పదిమంది రావాలంటే పేరు కాదు, కండ్ల ముంగట మ్యాచ్ ఉండాలె.

క్రికెట్‌ల కూడా బెదిరింపు మాట విన్నం. 2025 మార్చిల ఉచిత పాసుల కోసం వేధిస్తున్నరని, ఇట్లనే ఉంటే వేరే జాగ చూసుకుంటమని సన్‌రైజర్స్ హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌కు లేఖ రాసింది. అసోసియేషన్ ఆ ఆరోపణలు కాదన్నది. సర్కారు విజిలెన్స్ విచారణ వేసింది. ఎవరిది తప్పు అనేది విచారణలు తేల్చాలె. కాని టికెట్ కోసం ఎండల లైన్ల నిలబడ్డ సిద్దిపేట పిల్లగాడిని ఈ లొల్లిల ఎవరన్న ఒక్క మాట అడిగిన్రా?

తొవ్వలు ఉన్నయి

చేసేదేం లేదు అనుకోవద్దు. చేసిన ఊర్లు ఉన్నయి.

ఒహాయో రాష్ట్రంల క్లీవ్‌లాండ్ అమెరికన్ ఫుట్‌బాల్ టీంను ఓనర్ బాల్టిమోర్‌కు తీసుకపోతనని 1995ల ప్రకటించిండు. జనం కొట్లాడితే పేరు, రంగులు, రికార్డులు ఊర్లనే మిగిలినయి. 1999ల అదే పేరుతోటి కొత్త టీం వచ్చింది. 1996ల ఒహాయో ఒక చట్టం చేసింది. ప్రజల పన్నుతోటి కట్టిన స్టేడియంల ఆడే టీం పోవాలంటే పట్నం ఒప్పుకోవాలె. లేకపోతే ఆరు నెలలు ముందు నోటీసు ఇచ్చి, స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇయ్యాలె. 2018ల కొలంబస్ సాకర్ టీంను టెక్సాస్‌కు తరలిద్దామని చూసినప్పుడు రాష్ట్రం ఆ చట్టం పట్టుకొని కోర్టుకు పోయింది, అభిమానులు రోడ్డెక్కిన్రు. కొత్త ఓనర్లు దొరికిన్రు, టీం ఆడనే ఉన్నది.

ఇంకో ఉదాహరణ గ్రీన్ బే. లక్ష మంది చుట్టుముట్టు ఉండే చిన్న పట్నం. దాని ఫుట్‌బాల్ టీంకు ఒక్క ఓనర్ లేడు, ఐదు లక్షలకు పైగా వాటాదారులు ఉన్నరు. లాభం పంచరు, షేరు అమ్ముకొని బాగుపడెటందుకు వీలు లేదు. అందుకే వందేండ్లు దాటినా దాన్ని ఎవడూ ఎత్తుకపోలే. ఇటువంటి టీం ఇంకొకటి రావొద్దని లీగ్ తర్వాత నిబంధన పెట్టుకున్నది. ఎందుకు పెట్టుకున్నదో మీరే ఆలోచించుండ్రి.

మన దగ్గర నేను అడిగేది మూడు షరతులు. సర్కారు స్టేడియం, సర్కారు భూమి, సర్కారు రాయితీ, వీటిల ఏది తీసుకున్న టీంకైనా ఇవి వర్తించాలె.

ఒకటి, ఒప్పందం కాగితం జనం ముంగట పెట్టాలె. ఊరు చేసిన అప్పు ఎన్నేండ్లో, టీం ఉండే గడువు అన్నేండ్లు ఉండాలె. మధ్యల పోతే మిగిలిన అప్పు టీం కట్టాలె.

రెండు, పోయే ముందు నోటీసు ఇయ్యాలె. రాష్ట్రంల ఉన్నోళ్లకు, అభిమానుల సంఘాలకు, సహకార సంఘాలకు కొనుక్కునే మొదటి హక్కు ఉండాలె. అమ్మితే వచ్చిన లాభంల స్టేడియం ఇచ్చిన ప్రజలకు వాటా ఉండాలె.

మూడు, పేరు, రికార్డులు, పిల్లల అకాడమీలు ఊర్లనే ఉండాలె. ఊరి పేరు వాడుకునే టీం ఏటా ఆ ఊర్ల కొన్ని మ్యాచ్‌లన్న ఆడాలె, జిల్లాలల్ల శిక్షణ శిబిరాలు నడపాలె.

ఈ షరతులు పెడితే టీంలు రావు అంటరు కొందరు. షరతు లేకుంట వచ్చినయి ఏమైనయో చూసినం గదా. అంతకన్న ఎక్కువ పోయేదేమున్నది? టీం పోయినంక గ్లెండేల్ మునిగిపోలే. అదే అరేనాల సంగీత కచేరీలు నడుస్తున్నయి. పైసలు ఉంటే ఊరికి వెయ్యి పనులుంటయి. మన ఊర్లల్ల క్రీడా ప్రాంగణం అని బోర్డు పాతి, ఆ పక్కన గడ్డి మొలిచిన జాగలు మీరు చూసే ఉంటరు. ఒక పెద్ద టీంకు ఇచ్చే రాయితీల చారెడు ఆడ పెడితే ఎంతమంది పిల్లలు ఆడుతరో లెక్కేయిండ్రి.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ.. టీం పోయిందని సోషల్ మీడియాల తిట్టుడు అల్కటి పని. దాని తర్వాత ఇంకో పని ఉన్నది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల నాడు ప్రజల సొమ్ముతోటి లేచింది. అందుల ఆడిన టీంలకు ఏ షరతుల మీద ఇచ్చిన్రు, కిరాయి ఎంత, బాకీ ఎంత, టీం పోతే ఏం చేయాలని రాసుకున్నరు? ఇవన్ని అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకు ఇచ్చింది. పది రూపాయల ఫీజు, ఒక తెల్ల కాగితం. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ పౌర సమాచార అధికారికి రాయిండ్రి. ముప్పై దినాలల్ల జవాబు ఇయ్యాలె. ఒక్కరు రాస్తే పక్కన పడేస్తరు. జిల్లాకు పదిమంది రాస్తే మాత్రం, రేపు కొత్త టీంతోటి ఒప్పందం రాసుకునే ఆఫీసరు ఆ కాగితం మీద ఇంకో రెండు లైన్లు చేర్చక తప్పదు.